విశాఖపట్నం జూలో మా పద్మ చెట్టెక్కిన సంగతి

ఆ ఏడు రసాలు విరగకాశాయి. కోతలన్నీ అయిపోయి ఆఖరి లారీ తోట దాటాక, మా ఆయన చేతులు దులుపుకుని, "ఏమ్మా పద్మా, నీకేం కావాలో అడుగు" అన్నారు. పద్మ మా పెద్దది, పదకొండేళ్లది. తడుముకోకుండా "చెట్టెక్కుతాను నాన్నా" అంది.

వేసవంతా దానిదదే గొడవ. దాని తమ్ముడు బుజ్జిగాడు కొమ్మ మీద కాళ్లూపుకుంటూ కూర్చుంటాడు, ఇదేమో కింద కాయలేరాలి. మా అత్తగారు ససేమిరా ఒప్పుకోరు. ఆడది ఎక్కిన మామిడిచెట్టు మరుసటేడు కాయదని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో అది ఆవిడ అత్తగారి నాటినుంచీ ఉన్న పట్టింపు. "తోట మీద బతికేవాళ్లం, దీని సరదాకి కాపు పోగొట్టుకుంటామా?" అన్నారు. మా ఆయన పద్మని దగ్గరికి పిలిచి, చెట్టు బదులు విశాఖపట్నం జూ చూపిస్తానన్నారు. పద్మ సరేనంది గాని, మొహంలో వెలుగు లేదు.

తెల్లారకుండానే మా అత్తగారితో సహా అందరం నూజివీట్లో మొదటి బస్సెక్కి హనుమాన్ జంక్షన్లో దిగి, అక్కణ్ణుంచి ఏలూరు బస్సు పట్టుకున్నాం. నూజివీడు స్టేషనని పేరే గాని అది ఉండేది బాపులపాడులో. పెద్ద రైళ్లు అక్కడ ఆగవు, కొత్తవాళ్లు మోసపోకండి. ఏలూరు స్టేషన్లో ఇడ్లీలు తినేసరికి రైలొచ్చింది.

పెట్టెలో మా ఎదురుగా తుని వెళ్లే ఒకావిడ కూచుంది. కాసేపు వాసన పీల్చి, "నూజివీడు వాళ్లాండీ?" అంది.

"మీకెలా తెలిసింది?" అన్నాను.

"నేను చెప్పడమేంటండీ, మీ సీటు కింద బుట్ట ఇందాకట్నించీ చెబుతుంటేనూ!"

ఇంటి కోసం మాగేసిన రసాలు దారిలో తిందామని ఓ బుట్టెడు తెచ్చాం లెండి. ఇంక మొహమాటమేముంది, అందరికీ పంచాం. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఆ పెట్టెలో మోచేతుల దాకా రసం కారనివాళ్లు లేరు. తల్లికి దండం పెడదామంటే ఒక్కరి చేతులూ ఖాళీ లేవు.

చీకటి పడకముందే విశాఖపట్నం దిగి, స్టేషను దగ్గర సత్రంలో ఒక గది తీసుకున్నాం. మర్నాడు ఉప్మా తిని టౌను బస్సులో జూకి వెళ్లాం. వెళ్లేవాళ్లు గేటు తీసే వేళకే వెళ్లండి. ఎండెక్కితే పులులు నిద్రపోతాయి, వాటి తోకలు చూసి రావాలి. మేం వెళ్లేసరికి పులి అటూ ఇటూ తిరుగుతోంది. అది ఒక్కసారి గాండ్రించగానే బుజ్జిగాడు నాయనమ్మ చీరలోకి దూరిపోయాడు. కోతుల బోను దగ్గర మాత్రం మా అత్తగారికి ఒళ్లు మండింది. "వీటిని చూడ్డానికి టిక్కెట్టా? మన తోటలో వీటిని తరమడానికే మనిషిని పెట్టుకున్నాం కదరా!" అని మా ఆయన్ని నిలదీశారు.

అవి దాటి కొండవాలు దగ్గరికి వెళ్తే పిల్లల కేకలు వినబడ్డాయి. సెలవులు కదా, ఒక డ్రిల్లు మేష్టారు పెద్ద పెద్ద చెట్ల మధ్య, రెండు మేడలంత ఎత్తున, తాళ్లతో వంతెనలు కట్టించారు. నిచ్చెన మీద ఎక్కి, తాళ్లు పట్టుకుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడవాలి. పడకుండా నడుముకో తాడు, కింద వల.

"నాకివన్నీ అలవాటే" అని బుజ్జిగాడు ముందు ఎక్కాడు. వంతెన ఊగగానే "అమ్మా!" అని ఒకటే ఏడుపు. మేష్టారు దింపారు. దిగాక, "ఆ చెట్లకి కొమ్మల్లేవు, అందుకే" అన్నాడు మా వీరుడు.

అప్పటికే పద్మ లంగా ఎగ్గట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడింది. ఎక్కలేదు. నాయనమ్మ వంక చూస్తోంది. మా ఆయన నా వంక చూశారు, నేను నేల వంక చూశాను. పిల్ల ఇంతదూరం వచ్చి కూడా కిందే ఉండిపోతుందేమో అనుకున్నాను.

మా అత్తగారు తిన్నగా చెట్టు దగ్గరికెళ్లి, బెరడు ఒలిచి వాసన చూశారు. తలెత్తి పైదాకా చూశారు.

"బాబూ, ఇవి కాసే చెట్లా?" అనడిగారు మేష్టారిని.

"కాయడమేంటండీ మామ్మగారూ! నీలగిరి చెట్లు. కర్రకి తప్ప ఎందుకూ పనికిరావు."

"మరా ముక్క ముందే చెప్పరేం? ఎక్కవే పిల్లా!"

పద్మ నిచ్చెన ఎక్కడం నేను చూడనేలేదు, కళ్లు తుడుచుకునేసరికి పైనుంది. సగం దూరం బాగానే నడిచింది. అక్కడ తాడు ఊగేసరికి బిగుసుకుపోయింది. మేష్టారు ఈల నోట్లో పెట్టుకునేలోపే మా అత్తగారు అందుకున్నారు. "కిందకి చూడకు! ముందు చెయ్యి మార్చు, తర్వాత కాలు మార్చు! ఆఁ, అదీ!"

"ఇవన్నీ మీకెలా తెలుసు అత్తయ్యా?" అన్నాను.

"ఇన్నేళ్లూ కోతవాళ్లకి కిందనుంచి చెబుతున్నది ఎవరనుకున్నావ్?"

పద్మ చివరి చెట్టు చేరి, అక్కడి పలక మీద నిలబడి, ఎటో చూస్తూ ఉండిపోయింది. మేష్టారు రెండుసార్లు ఈల వేస్తేగాని దిగలేదు. దిగి మళ్లీ ఎక్కింది. గుళ్లూ, బీచీ చూద్దామనుకున్నవాళ్లం, పొద్దు అక్కడే గడిచిపోయింది. నాకైతే చింత లేదు. మీరు వెళ్తే ఆ వాలులోకి కూడా వెళ్లండి, ఆడపిల్లలుంటే మరీను.

మర్నాడు తిరుగు రైల్లో అందరం అలిసిపోయి చేరగిలబడ్డాం. అన్నవరం దాటాక మా అత్తగారే అడిగారు. "పైనుంచి ఏం కనబడిందే?"

"సముద్రం నాయనమ్మా. ఓడ కూడా. కాకులు నా కాళ్ల కింద ఎగురుతున్నాయి. చెట్ల నెత్తులన్నీ కనబడ్డాయి, ఒక్కోదానిదీ ఒక్కో పచ్చ."

అప్పుడు మా అత్తగారు, "కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ తోటలోనే ఉన్నాను. దాని నెత్తి ఎలా ఉంటుందో నాకు తెలీదు" అన్నారు. మళ్లీ ఆవిడే, "మన నూతి పక్కన ముసలి చెట్టుందిగా. ఎన్నేళ్లయిందో దానికి పిందె నిలిచి. ఇంటికెళ్లాక అదెక్కి, తోటంతా ఎలా ఉందో నాకు చూసి చెప్పు" అన్నారు.

మా ఆయన పేపరు దించారు. "ఇదెక్కాక అది కాయడం మొదలెడితేనో అమ్మా?"

"కాస్తే దిగుతుందిలేరా. అందాకా ఆ చెట్టు దానిదే."