పెద్దసారు పెన్నూ, పిన్ని కడిగిన ఫ్లాస్కులూ

ఆ ప్రయోగశాలలో ఆమెని అందరూ గాజుల పిన్ని అంటారు. చేతికి ఒక్క గాజు కూడా ఉండదు. ఇరవై ఆరేళ్లుగా గాజుసామాను కడుగుతోంది కాబట్టి ఆ పేరు. ఫ్లాస్కులు, బీకర్లు, సన్నమూతి సీసాలు రోజుకి రెండు బళ్ల నిండా వస్తాయి. ఆమె కడిగిన ఫ్లాస్కుని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, అందులోంచి అవతలి గోడ మీది బీటలు కూడా కనిపిస్తాయి. ఈ మాట ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. బాగా జరుగుతున్న పని గురించి మాట్లాడే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

ప్రయోగశాలకి అధిపతి పెద్దసారు. మట్టిలో బతికే ఒక బాక్టీరియా మీద పద్దెనిమిదేళ్లుగా పరిశోధన చేస్తున్నారు. ఆ బాక్టీరియా తన చుట్టూ ఒక ఎంజైముని వదులుతుంది. ఆర్ఎన్ఏ ఎక్కడ కనిపించినా ముక్కలు చేసెయ్యడమే దాని పని. వరండాకి ఎడమవైపు గదిలో ఆ ఎంజైముని సీసాలకి సీసాలు తయారుచేస్తారు. పోయినేడాది పెద్దసారుకి ఇంకో ఆలోచన వచ్చింది. ఆకుల్లోంచి ఆర్ఎన్ఏ తీసి దాచిపెట్టే పని మొదలుపెట్టించారు. దానికోసం ఎంపిక చేసిన గది, సరిగ్గా ఎంజైము గదికి ఎదురుగా ఉన్నది. మూడంతస్తుల భవనంలో అంతకన్నా అనువైన చోటు ఆయనకి తోచలేదు.

దాచిన ఆర్ఎన్ఏ రెండో రోజుకల్లా పాడైపోవడం మొదలైంది. పెద్దసారు ముందు ఏడుగురు కూర్చుని గంటన్నర చర్చించారు. మందులు మంచి కంపెనీవి, యంత్రాలు కొత్తవి, పరిశోధకులు చదువుకున్నవాళ్లు. ఇక మిగిలింది గాజుసామాను. కడిగే మనిషిని ఆ చర్చకి పిలవలేదు. పిలిస్తే తప్పు ఒప్పుకోదేమోనన్న ఇబ్బంది ఒకటుంది కదా.

మర్నాడు గుమాస్తా ఒక కాగితం తెచ్చి సింకు పక్కన పెట్టాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి పిన్నీ."

ఆమె చేతులు తుడుచుకుని మొత్తం చదివింది. తన నిర్లక్ష్యం వల్ల నమూనాలు పాడయ్యాయని ఒప్పుకుంటున్నట్టు, మళ్లీ జరిగితే కింద నేలమాళిగలోని సామాన్ల గదికి మార్చేస్తారన్నట్టు అందులో ఉంది.

"చదివానని పెట్టమంటే పెడతాను. తప్పు చేశానని మాత్రం పెట్టను."

"ఊరికే లాంఛనం పిన్నీ."

"లాంఛనమైతే నువ్వే పెట్టు."

గుమాస్తా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సంతకం లేకుండానే ఫైల్లో పెట్టేశాడు.

ఆ రోజు పిన్ని మధ్యాహ్నం ఆర్ఎన్ఏ గదిలో పనిచేసే అమ్మాయి దగ్గరికి వెళ్లింది. పీహెచ్‌డీ నాలుగో ఏడు, మనిషి తాడిచెట్టంత, అందుకని అందరూ పొడుగు పిల్ల అంటారు.

"ఏమిటమ్మా అది, నేను ఇంత కడుగుతున్నా పోనిది? మూడుసార్లు మరిగించమన్నారు, మరిగించాను."

పొడుగు పిల్ల కంప్యూటర్లో ఒక బొమ్మ తీసి చూపించింది. మెలితిరిగిన రిబ్బన్ల ఉండలా ఉంది. మధ్యలో ఒక గాడి.

"ఇదే ఆ ఎంజైము పిన్నీ. చాలా చిన్నది. ఆర్ఎన్ఏ పోగు వచ్చి ఈ గాడిలో సరిగ్గా ఇముడుతుంది. గాడికి అటొకటి ఇటొకటి రెండు కొక్కేల్లాంటివి ఉన్నాయి చూడండి."

"వాటితో కోస్తుందా?"

"అదే తమాషా. ఆర్ఎన్ఏలో ప్రతి కణుపు దగ్గరా ఆక్సిజనూ హైడ్రోజనూ కలిసిన చిన్న కొస ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. డీఎన్ఏకి అది లేదు. ఒక కొక్కెం ఆ కొస మీది హైడ్రోజన్ని లాగేస్తుంది. దాంతో ఆ కొస రెచ్చిపోయి పక్కనున్న అతుకు మీద పడుతుంది. అతుకు ఊడిపోతుంది. ఊడిన ముక్కకి రెండో కొక్కెం ఒక హైడ్రోజన్ని చేతిలో పెట్టి పంపేస్తుంది."

"అంటే దాని చేత్తోనే దాని గొంతు కోయిస్తుందన్నమాట."

"అంతే. ఎంజైముకి ఏమీ కాదు. వెంటనే ఇంకో పోగు పట్టుకుంటుంది."

"మరి అది బాక్టీరియా ఆర్ఎన్ఏని కోసెయ్యదా?"

"లోపల ఉన్నంతసేపూ ఆ గాడికి మూతలా ఇంకో ప్రోటీన్ అడ్డం పడి ఉంటుంది. బయటికి వదిలాకే దాని ప్రతాపం."

"మరిగిస్తే చావదా?"

"వేడికి ఆ మడతలన్నీ విచ్చుకుంటాయి. చల్లారగానే మళ్లీ ఎప్పట్లా మడుచుకుని, ఏమీ జరగనట్టు పనిలోకి దిగుతుంది. నీళ్లలో మరిగించడం దానికి స్నానం. పొడి ఓవెన్లో రెండు వందల డిగ్రీలు దాటించి గంటల తరబడి కాల్చాలి."

మూడుసార్లు మరిగించమని ఉత్తర్వు ఇచ్చింది ఆ ఎంజైము మడతల మీద పద్దెనిమిదేళ్లు వ్యాసాలు రాసిన పెద్దమనిషే. పొడుగు పిల్ల ఆ మాట అనలేదు. పిన్నీ అనలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. ఆయన దర్జీ. మిషను మీంచి తలెత్తకుండానే విన్నాడు.

"బాగానే ఉంది గానీ, చొక్కా చిరిగితే ఉతికినవాళ్లని ఎందుకంటారు? ముందు వేసుకున్నదెవరో చూడాలి కదా."

ఆ మాట పిన్ని బుర్రలో దిగబడిపోయింది.

వారం రోజులు గాజుసామానంతా పొడి ఓవెన్లో కాల్చింది. అయినా ఆర్ఎన్ఏ పాడవుతూనే ఉంది. పోనీలే అని ఊరుకోకుండా, కడిగినవి పేర్చే వంకతో వరండాలో నిలబడి ఎవరు ఎక్కడ చెయ్యి పెడుతున్నారో చూసింది. పరిశోధన చేసే పిల్లలందరూ ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు గ్లౌజులు మార్చుకుంటున్నారు. ఆ నియమం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది, కింద పెద్దసారు సంతకంతో సహా. మార్చుకోనిది పెద్దసారు ఒక్కరే. ఎంజైము గదిలో సీసాలు పరిశీలించి, అవే గ్లౌజులతో, అదే పెన్నుతో ఎదురు గదిలోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, డబ్బాల మీద టిక్కులు పెట్టి, బాగా పనిచెయ్యమని అందరికీ చెప్పి వెళ్తున్నారు.

ఈ సంగతి పిన్ని చెబితే పొడుగు పిల్ల లేచి తలుపు మూసింది.

"ఆయన సంతకం పెడితేనే నాకు డిగ్రీ పిన్నీ."

"నువ్వు ఎవరి పేరూ చెప్పకు. దూదిపుల్లతో తుడిచి చూడు చాలు. మొదట నా ఫ్లాస్కులే తుడువు."

పది చోట్ల తుడిచారు. ఒక్కో దూదిపుల్లని మంచి ఆర్ఎన్ఏ ఉన్న గొట్టంలో ముంచి, మర్నాడు ఆ ఆర్ఎన్ఏని, చెడిందో లేదో గీతల్లో చూపించే జెల్ పలక మీద పెట్టి చూశారు. పిన్ని ఫ్లాస్కులు తగిలిన ఆర్ఎన్ఏ చక్కగా గీతల్లా నిలబడింది. ఫ్రిజ్ పిడి తగిలింది మసకబారింది. పెద్దసారు బల్ల మీద మర్చిపోయిన పెన్ను తగిలిన చోట అసలు గీతే లేదు, నీళ్లలో పడ్డ సిరా మరకలా ఉంది.

సోమవారం సమావేశంలో పొడుగు పిల్ల ఆ జెల్ బొమ్మని తెర మీద వేసింది. ఈసారి పిన్ని పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు మొదట్నించీ అనుమానంగానే ఉంది," అన్నారు చివరికి. "అందుకే గోడ మీద నియమం రాయించాను."

ఏడుగురూ తలలూపారు. తలలూపడంలో వాళ్లకి చాలా అనుభవం ఉంది.

"నా కాగితం సంగతేంటి సార్?" అంది పిన్ని.

"ఏ కాగితం?"

"నేను తప్పు చేశానని రాసిన కాగితం. ఫైల్లో ఉంది."

"చూద్దాం."

"ఇప్పుడే చూద్దాం సార్. గుమాస్తా గారు కిందే ఉన్నారు."

గొంతు పెంచలేదు. కానీ తలుపు దగ్గర్నుంచి జరగలేదు, బయటికి వెళ్లడానికి ఇంకో దారి లేదు. పెద్దసారు అరనిమిషం చూసి గుమాస్తాకి ఫోన్ చేశారు. కాగితం పైకి వచ్చింది. దాని మీద అడ్డంగా గీత కొట్టి, 'రద్దు' అని రాసి, తేదీ వేశారు. కారణం మాత్రం రాయలేదు. పిన్ని దాని నకలు ఒకటి అడిగి తీసుకుంది.

ఆ నెలలోనే ఆర్ఎన్ఏ గదిని పై అంతస్తుకి మార్చారు. ఆ ఆలోచన పెద్దసారుదేనని సంస్థ పత్రికలో వచ్చింది. పొడుగు పిల్లకి డిగ్రీ వచ్చింది. ఆమె సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో పెద్దసారుకి నాలుగు వాక్యాలు, పిన్నికి ఒకటి. ఆ ఒక్క వాక్యమే నిజమని పొడుగు పిల్ల వెళ్లేముందు పిన్ని చెవిలో చెప్పింది.

"మీ సారు క్షమాపణ చెప్పాడా?" అని ఒక సాయంత్రం మొగుడు అడిగాడు.

"లేదు. ఇవాళ మాత్రం పై గది ముందు ఆగి, తన రెండు చేతులూ ఒకసారి చూసుకున్నాడు," అంది పిన్ని, బియ్యం కడుగుతూ.