ఒక గంప ఎండు నెత్తళ్ళు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే ఏదో కుంగిపోయి, చిక్కి సగమయ్యానని అనుకోకండి. అదేమీ లేదు. వేళకు తిన్నాను, కంటినిండా నిద్రపోయాను, ఇల్లు కట్టుకున్నాను, గృహప్రవేశానికి ఊరందరికీ భోజనాలు పెట్టాను. ఒళ్ళు కూడా చేశాను. తప్పు చేసినవాళ్ళకు మనసు లోపల తొలిచేస్తుందంటారే, ఆ తొలిచెయ్యడం నాకు గత నెలలో గానీ మొదలు కాలేదు. అందుకే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చదివి తిట్టుకుంటే తిట్టుకోండి, జాలి మాత్రం పడకండి. నా నోరు మంచిది కాదు. చిట్టమూరు దగ్గర మాగాణి ఉన్న ఇంట్లో, అడ్డు చెప్పేవాళ్ళు లేక పెరిగిన నోరు. దానికి తోడు నాకు చదువు కూడా వచ్చింది.

ఒక కార్ల షోరూంలో పనిచేసేదాన్ని. పేరు వద్దు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, కొన్నవాళ్ళకు ఫోన్లు చెయ్యడం, అన్నిటికన్నా ముఖ్యంగా వాట్సాప్‌లో షోరూం కబుర్లు రాసి పంపడం నా పని. ఉగాదికి కొత్త మోడళ్ళు, ఎండాకాలం ఏసీ చెకప్, వానలకు ముందు బ్రేకులూ వైపర్లూ ఉచితంగా చూసే క్యాంపు, దసరాకు ఆఫర్లు. వీటి మధ్యలో కొత్త బండి తీసుకున్నవాళ్ళ ఫోటోలు. పెద్ద అట్ట తాళంచెవి చేతికిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, నవ్వమని చెప్పి నేనే తీసేదాన్ని. కోట, వాకాడు, చిట్టమూరు చుట్టుపక్కల కార్లున్న ఇళ్ళలో, లేని ఇళ్ళలో కూడా నా కబుర్లు చదివేవాళ్ళు. ఎందుకంటే నవ్వు వచ్చేట్టు రాసేదాన్ని. ఎవరినో ఒకరిని గిల్లకుండా నవ్వించడం నాకు చేతకాదు.

పోలయ్య మా షోరూంకి మొదటిసారి వచ్చింది ఒక మధ్యాహ్నం. వాకాడు అవతల సముద్రం ఒడ్డున పల్లె అతనిది. ఊహ తెలిసినప్పటి నుంచీ వేటకు పోయిన మనిషి. అతని అన్న పడవ తిరగబడి చనిపోయాడు. ఆ తర్వాత పోలయ్య పెళ్ళాం కామాక్షి, ఇంక నువ్వు సముద్రంలోకి పోతే నేను ఇంట్లో ఉండనని చెప్పి, పోనని పిల్ల మీద ఒట్టు పెట్టించుకుంది. కారు కొని బాడుగకు తిప్పుకుందామని ఇద్దరూ అనుకున్నారు. ఇవన్నీ అతనే చెప్పాడు, నేను అడక్కుండానే. ఒడ్డు నుంచి అలాగే వచ్చాడు, లుంగీతో. చేపల వాసన గుప్పుమంటోంది. అతను కుర్చీలోంచి లేవగానే ఫినాయిల్ గుడ్డ తెప్పించి, అతను చూస్తుండగానే ఆ కుర్చీ తుడిపించాను.

అతను వాకిలి దాకా పోయినవాడు ఆగి, వెనక్కి తిరిగి, చాలా నెమ్మదిగా అన్నాడు. "తుడిపించుమా. మళ్ళా వస్తాం గదా, మళ్ళా తుడిపిద్దువు."

షోరూం అంతా నవ్వింది. నా కింద పనిచేసేవాళ్ళు కూడా. ఆ నవ్వు నాకు వారం రోజులు చెవుల్లో మోగింది. ఎందుకంత మంట? అతను తిట్టలేదే. నేను రోజూ పదిమందిని అనేదానిలో పదోవంతు కూడా కాదే. నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. అలాంటి మనిషి నన్నొక మాట అనడమే నాకు మంట.

ఆ ఏడు తుఫాను గట్టిగా వచ్చింది. మేము కార్లు నిలిపే స్థలం షోరూంకి దూరంగా, రొయ్యల గుంటల పక్కన ఉండేది. గుంటల కట్టలు తెగి ఉప్పునీళ్ళు లోపలికొచ్చాయి. మూడు కార్లు మునిగాయి. రెండింటికి నీళ్ళు సీట్ల పైదాకా వచ్చాయి, దాచడం కుదరక వెనక్కి పంపారు. మూడోదానికి అడుగుభాగం వరకే. దాన్ని కడిగి, ఆరబెట్టి, లోపల సెంటు కొట్టారు. తుఫానులో మన బండ్లకు చుక్క నీరు తగల్లేదు, నిశ్చింతగా రండి అని కబుర్లలో రాసింది నేనే. చెప్తే రాశాను. దాన్ని నేను పెద్ద తప్పుగా లెక్కపెట్టుకోను. నా తప్పు దాని తర్వాతది.

ఈ బండి ఎవరికి అంటగడదాం అని ఓనరు అడిగాడు. గట్టిగా అడగలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.  మెకానిక్కు తల దించుకున్నాడు. నేనే, టీ తాగుతూ, పోలయ్య పేరు చెప్పాను.

డెలివరీ రోజు కామాక్షి పట్టుచీర కట్టుకుని వచ్చింది. పోలయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు అతని దగ్గర ఏ వాసనా లేదు. నిమ్మకాయ ఒకటి చేతిలోంచి జారి సీటు కిందికి దొర్లితే, వంగి చెయ్యి పెట్టి తీశాడు. వేళ్ళకు తెల్లటి పొడి అంటింది. సముద్రం మీద బతికినవాడు గదా, ఆలోచించకుండా నాలుకకు తాకించుకున్నాడు. నా వైపు చూశాడు.

"ఏందిమా, ఇది ఉప్పగా ఉండాది?"

దొరికిపోయాననుకున్నాను. ఒక్క క్షణమే. తర్వాత నా నోరు నన్ను కాపాడింది. "నీ చెయ్యే ఉప్పన్నా. నువ్వు ముట్టుకుంటే పాయసం కూడా ఉప్పగానే ఉంటది" అన్నాను. అందరూ నవ్వారు. ఈసారి నా పక్కన నిలబడి నవ్వారు. పోలయ్య తన చేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత అతనూ నవ్వాడు. ఉప్పు సంగతి అక్కడున్న అందరికంటే బాగా తెలిసిన మనిషి, తన నాలుకను తనే నమ్మకుండా, ఆ వేళ్ళను కొత్త చొక్కాకు తుడుచుకుని, అట్ట తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫోటోకు చాలామంది దండాలు, పువ్వుల బొమ్మలు పెట్టారు.

ఏడాది తిరక్కముందే బండి మొరాయించింది. హారన్ దానంతటదే మోగేది. లైట్లు ఆరిపోయేవి. జనం ఎక్కి కూర్చున్నాక నడిరోడ్డు మీద ఆగిపోయేది. బాడుగకు పిలిచేవాళ్ళు మానేశారు. వానాకాలం క్యాంపుకు తీసుకొచ్చాడు. మెకానిక్కు కింద విప్పితే వైర్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కంపెనీ గ్యారంటీ ఇంకా ఉంది, ఊరికే బాగుచేసి ఇవ్వాలి. అలా చేస్తే వైర్లు ఎందుకు పాడయ్యాయని కంపెనీ అడుగుతుంది. అప్పుడు నేను పోలయ్యను చాలా మర్యాదగా అడిగాను, బండిలో ఎప్పుడైనా చేపలు వేసినారా అన్నా అని.

లేదు అని ఉంటే ఎంత బాగుండేది. అతను అబద్ధమాడలేదు. ఒక్కసారి, ఆటో దొరకని రోజు, తను ఊళ్ళో లేనప్పుడు, కామాక్షి ఎవరినో తోలమని చెప్పి ఒక గంప ఎండు నెత్తళ్ళు కోట బజారుకు వేసుకొచ్చిందని చెప్పాడు. నేను కాయితం మీద రాసేశాను, కస్టమర్ చేపలు మోయడం వల్ల ఉప్పు తగిలి పాడయింది, గ్యారంటీ వర్తించదు అని. అతనితో సంతకం కూడా పెట్టించుకున్నాను.

అంతటితో ఆపి ఉండొచ్చు. ఎవరడిగారు నన్ను ఇంకా? ఆ నెల కబుర్లలో చిలుము పట్టిన వైర్ల ఫోటో, పక్కన బండి వెనక అద్దం మీద పోలయ్య కూతురి పేరు కనపడేట్టు ఇంకో ఫోటో పెట్టాను. వానాకాలం జాగ్రత్తలు అని పైన రాసి, కింద, కారులో మనుషులను ఎక్కించుకోండి, ఎండుచేపలను ఎక్కించుకుంటే ఇదే గతి అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టాను. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే. చుట్టు తిరిగి నాకే నాలుగుసార్లు వచ్చింది. వాళ్ళ పల్లెలో పిల్లలు పోలయ్య కనపడితే ముక్కు మూసుకునేవాళ్ళట.

నాలుగు రోజులకు కామాక్షి వచ్చింది. బస్సు దిగి, ఎండలో నడిచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, ఇది నువ్వే పంపినావంట గదా" అని ఫోన్ చూపించింది.

"నేనే. ఏం?"

"ఒకే గంపక్కా. గోతంలో కట్టినా. కింద పట్టా కూడా పరిసినా. ఒక గంపకే బండి పోద్దా?"

నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"ఆయన నాతో మాట్లాడ్డంలా. కొట్టినా బాగుండు, తిట్టినా బాగుండు. కంచం పెడితే తింటాడు, లేచి పోతాడు. నేను చెప్తే ఇనడు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాటైతే ఇంటాడు. దానివల్ల గాదని ఒక్క మాట చెప్పక్కా. బండి బాగుచెయ్యబళ్ళా. మాట చెప్తే చాలు."

 ఆమే నంబరు నొక్కి, ఫోన్ నా చేతికిచ్చింది. అవతల పోలయ్య గొంతు. వెనక గాలి హోరు. నా గొంతు విని ఎవరు అన్నాడు. నేను ఎవరో చెప్పాను.  కామాక్షి నా నోటినే చూస్తోంది. కాదు అనే ఒక్క మాట చాలు. ఓనరుకు తెలిసేది కాదు. కంపెనీకి తెలిసేది కాదు. నా ఉద్యోగానికి ఏమీ అయ్యేది కాదు. దీన్ని మీరు బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను భయపడి అబద్ధమాడానని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం లేదు. అతని నెమ్మదైన గొంతు వినగానే ఆ కుర్చీ, ఆ నవ్వు గుర్తొచ్చాయి. అంతే.

"మీ ఆవిడ వేసిన గంపేనన్నా. ఆ ఉప్పే. వేరే ఏం లేదు" అన్నాను.

అతను ఫోన్ పెట్టేశాడు. కామాక్షి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "సరేలే అక్కా. నువ్వు మటుకు ఏం జేస్తావు, ఉన్నది చెప్పినావు" అని వెళ్ళిపోయింది.

బండి ఇనుము ధరకు పోయింది. పోలయ్య ఒట్టు తీసి గట్టున పెట్టి, మళ్ళీ వేటకు పోయాడు. ఆమె ఇల్లు విడిచి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోతుంది, తప్పు తనదని నమ్మాక. కోట బజారులో ఎండుచేపలు అమ్మడం మొదలుపెట్టింది. నేను ఉద్యోగం మానేశాక కూడా అక్కడే కొనుక్కునేదాన్ని. కనపడితే "బాగుండావా అక్కా" అని పలకరించేది. అన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెప్తే ఆ మొగుడూపెళ్ళాల మధ్య కొత్త గొడవ పెట్టినట్టవుతుందని సర్దిచెప్పుకునేదాన్ని. బూటకం. ఆమె నన్ను అక్కా అని పిలవడం నాకు బాగుండేది. అది పోతుందని చెప్పలేదు.

గత నెల కనపడినప్పుడు నుదుట బొట్టు లేదు.

"ఆయన పోయినాడక్కా. కామెర్లు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండాడు, పక్కనే ఉండా. నీళ్ళు కావాలన్నా పాపనే అడిగినాడు. ఆఖర్నన్నా ఒక మాట మాట్లాడతాడేమో అనుకున్నా. మాట్లాడలా" అంది. ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు, చేపలు తూస్తూనే. తర్వాత, "తప్పు నాది గదక్కా. ఆయన్ని అనేదానికేముంది" అంది.

డబ్బులిచ్చి, పొట్లం తీసుకుని వచ్చేశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. నిజమే. కాళ్ళు ఆగలేదు. ఇప్పుడు చెప్తే ఎవరికి పనికొస్తుంది అనుకుంటూ నడిచాను. ఆమెకు పనికొస్తుందని తెలిసీ నడిచాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను.

కామాక్షీ, నీ గంపవల్ల కాదు. ఆ బండి మా దగ్గరే ఉప్పునీళ్ళలో మునిగింది. నీ మొగుడు నాలుకతో చూసి కనిపెట్టాడు, నేను నవ్వించి నోరు మూయించాను. నువ్వు ఫోన్ ఇచ్చినప్పుడు నాకు అంతా తెలుసు.

ఇంతే. నువ్వడిగిన మాట ఇంత చిన్నది. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అతను వినడు, నువ్వు చదవవు. హాయిగా ఉన్నది నాకొక్కదానికే.