డోర్లా వదిన పారిపోయి వచ్చిన శనివారం

మా వదిన డోర్లా దగ్గర జుట్టు కత్తిరించుకోవాలంటే మే నెలలో మాత్రం వెళ్ళకూడదు. ఈ సంగతి మా ఊరు పెరిన్‌లో అందరికీ తెలుసు, అయినా వెళ్తారు. సగం తల అయ్యాక నైరుతిన మబ్బు పొంగిందంటే చాలు, కత్తెర బల్ల మీద ఉంటుంది, ఆవిడ పికప్ బండిలో ఉంటుంది. మిగతా సగం తల వాన వెలిశాకే. బ్యాంకులో పనిచేసే ఒకాయన అలాగే ఒక చెవి పైన జుట్టుతో, రెండో చెవి పైన లేకుండా కూతురి పెళ్ళి చేశాడు. ఆయన ఇప్పటికీ వదిన దగ్గరికే వస్తాడు. ఏం చేస్తాడు మరి, ఊళ్ళో ఇంకో దుకాణం లేదు.

ఆవిడ సుడిగాలుల వెంట పడుతుంది. అది ఆవిడ జబ్బు. ఊరి ఫైర్ స్టేషన్ వాళ్ళు ఆ జబ్బు చేతికి ఒక రేడియో ఇచ్చి దానికి సేవ అని పేరు పెట్టారు. మబ్బు కింద సుడిగాలి తొండంలా దిగి నేల తాకిందని ఆవిడ రేడియోలో చెప్తే, స్టేషన్‌లో హాలిస్ టాకెట్ సైరన్ మోగిస్తాడు, జనం నేలమాళిగల్లోకి దిగుతారు. దిగాలి. మా వాళ్ళు మాత్రం ముందు వరండాలోకొచ్చి, కుర్చీ వేసుకుని, అది ఎటు తిరుగుతుందో పక్కింటివాళ్ళతో పందెం వేసుకుని, అప్పుడు తీరిగ్గా దిగుతారు. మా అన్నయ్య వెండెల్, అంటే వదిన మొగుడు, అసలు దిగడు. పెళ్ళాం గాలిని తరుముతూ తిరుగుతుంటే తను గాలికి జడిసి నేలలో దూరితే నలుగురిలో పరువేం కాను అని ఆయన వాదన.

ఆవిడతో బండిలో వెళ్ళే దౌర్భాగ్యుణ్ణి నేను. నా పేరు రాయ్స్. మ్యాపు పట్టుకోవడం నా ఉద్యోగం, జీతం లేదు. మొదటి రోజే సూత్రాలు చెప్పింది. తొండానికి ఎప్పుడూ ఆగ్నేయంలోనే ఉండాలి. ఈశాన్యంలో చచ్చినా ఉండకూడదు, అది నడిచేది అటే. వాన పడ్డాక మట్టి రోడ్డు ఎక్కకూడదు, మా ఎర్రమట్టి చక్రాన్ని పట్టిందంటే వదలదు. ఇక మా వైపు అది గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, ఆ లెక్కన ఏ అంచు ఎటు విసురుతుందో మర్చిపోకు అంది. నేను తలూపాను. నిజానికి భయానికి తల దానంతటదే ఊగింది.

మరి ఎందుకు వెళ్తావయ్యా అంటారు. ఒకసారి వచ్చి చూడండి. పచ్చి గోధుమ చేల మీదుగా గాలి మన వీపు వెనక నుంచి మబ్బు వైపుకి లాగుతూ ఉంటుంది. పిట్టలు నోరు కట్టేస్తాయి. ఆవులన్నీ కంచె మూలకి చేరతాయి. పైన మబ్బు అడుగు తిరగలి రాయిలా మెల్లగా తిరగడం మొదలెడుతుంది. సరిగ్గా అప్పుడు వదిన మొహం చూడాలి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ గుట్లన్నీ జుట్టుతో పాటు దువ్వి పారేసే మనిషి, ఒక్క మాట మాట్లాడదు. కళ్ళు మాత్రం పండగ చేసుకుంటూ ఉంటాయి.

“ఇంట్లో ఉంటే మోకాళ్ళ నొప్పులూ, మీ అన్నయ్య మొహమూ అన్నీ గుర్తుంటాయి మరిదీ,” అంది ఒకసారి. “దీని ముందు నుంచుంటే నేనంటూ ఒకదాన్ని ఉన్నాననే గుర్తుండదు. ఎంత హాయో. ఒక్కటే కోరిక మిగిలిపోయింది. వీధి చివర నడిచిపోతున్నంత దగ్గరగా ఒక్కదాన్ని చూడాలి. చూసి, బతకాలి.”

బతకడం గురించి కాస్త ఆలస్యంగా గుర్తొచ్చినట్టుంది.

ఇంటికొచ్చాక చూసినదంతా అన్నయ్యకి చెప్పేది. రంగు, చప్పుడు, అది ఏ కొట్టం ఎత్తుకుపోయింది, అన్నీ చేతులు తిప్పుతూ. అన్నయ్య పళ్ళెంలోంచి తలెత్తేవాడు కాదు. “ఊఁ, ఆ ఉప్పు ఇలా ఇయ్యి,” అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం చావు అంచుదాకా వెళ్ళొచ్చి చెప్తుంటే ఉప్పేమిటి? ఆవిడ మాత్రం ఉప్పు ఇచ్చి మళ్ళీ మొదలెట్టేది.

ఇక ఆ శనివారం. మా ఊళ్ళో ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండుకి సైరన్ పనిచేస్తోందో లేదో మోగించి చూస్తారు. మబ్బు పడితే ఆ రోజుకి మానేస్తారు. ఏళ్ళ తరబడి విని విని అది మాకు భోజనాల గంట అయిపోయింది. సైరన్ కూయగానే కుక్కలు గొంతు కలుపుతాయి, ఆడవాళ్ళు పొయ్యి ఆర్పుతారు, మగవాళ్ళు చేతులు కడుక్కుంటారు. సైరన్ వినబడితే ఆకాశం వైపు చూసేవాడు శనివారం నాడు ఒక్కడూ ఉండడు. ఆ రోజు పెరిన్‌లో ఎండ కాస్తోంది. తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి.

వదిన ముక్కుకి మాత్రం పొద్దున్నే ఏదో తగిలింది. నేడీన్ అనే ఆవిడ తలనిండా రోలర్లు చుట్టించుకుని ఆరబెట్టే టోపీ కింద కూర్చుని ఉంటే, “ఇప్పుడే వస్తా” అని చెప్పి నన్ను లాక్కుని బయల్దేరింది. ఊరికి నైరుతిగా పది మైళ్ళు కూడా వెళ్ళలేదు, దొరికింది. మొదట తాడులా వేలాడింది. చూస్తుండగానే లావెక్కి, ఒక చేనంత వెడల్పై, నేల తాకింది. ఎర్రమట్టి తాగి అదీ ఎర్రబడింది. వదిన నా చేతిలో మ్యాపు లాక్కుని, అది ఉన్నచోటు నుంచి ఈశాన్యంగా గోటితో గీత గీసింది. గీత పెరిన్ మధ్యలోంచి పోయింది.

రేడియోలో హాలిస్‌కి చెప్పింది. హాలిస్ మంచివాడు, మారు ప్రశ్న వెయ్యకుండా బొత్తాం నొక్కాడు. నేను వాచీ చూసుకుని, “వదినా, పన్నెండయింది,” అన్నాను. ఆవిడ మొహంలో రక్తం దిగిపోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

తర్వాత బండిలోంచే ఇంటికి, వంటింటి అలమరలో ఉండే రెండో రేడియోకి, అన్నయ్యని పిలిచింది.

“విన్నాంలే, సైరన్ మోగింది,” అన్నాడు ఆయన. “చిక్కుడు గింజలు ఉడికాయి. వస్తావా, నే తినెయ్యనా?”

“వెండెల్, ఇది ఉత్తుత్తి సైరన్ కాదు. నేలమాళిగలోకి దిగు.”

“నీకు ఏ సైరన్ ఉత్తుత్తిది అనిపించింది గనక. ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది,” అని ఆయన కట్టేశాడు.

హాలిస్ పాపం ఆపకుండా మోగిస్తూనే ఉన్నాడు. బొత్తాం ఇరుక్కుపోయిందని జనం నవ్వుకున్నారట.

వదిన బండెక్కి ఊరి రోడ్డు మీదికి తిప్పింది. అది తొండం ముందు నుంచి పోయే రోడ్డు.

“వదినా, ఇది ఈశాన్యం,” అన్నాను.

“తెలుసు. మ్యాపు మడిచెయ్.”

వెనక కనిపించే అద్దాన్ని చేత్తో పక్కకి తిప్పేసింది. చూడాల్సిన ఖర్మ నాకు పట్టింది. అది మా బండితో పోటీ పడి వస్తోంది. ఎవరిదో గడ్డి కొట్టం పైకప్పు పేకముక్కలా లేచి తిరిగింది. అమ్మా అని అరిచాను, వదిన ఇప్పటికీ నన్ను ఆ మాట మీద ఏడిపిస్తుంది.

ఊళ్ళోకొచ్చేసరికి, సైరన్ ఎందుకు ఆగట్లేదో చూద్దామని జనం వరండాల్లోకి వచ్చి ఉన్నారు. కొంతమంది చేతులు కూడా ఊపారు. వాళ్ళకి మొదట కనబడింది మబ్బు కాదు, మా బండి. మబ్బు పడితే ఊళ్ళోంచి బయటికి పోయే బండి, ఇప్పుడు బయటినుంచి ఊళ్ళోకి పరుగెత్తుకొస్తోంది. లోపల డోర్లా, ఒక్కసారీ వెనక్కి చూడకుండా. ఊపుతున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అన్నయ్య వరండాలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన బండి దిగింది. అప్పటికి తొండం మా వీధి చివర ధాన్యం గోదాముల దగ్గరికి వచ్చేసింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నంత దగ్గరగా, సరిగ్గా ఆవిడ వీపు వెనక.

“వెండెల్, నాకు భయంగా ఉంది. రా,” అంది. అరవలేదు, మామూలుగానే అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన ఆవిడ నోట విని ఉండడు. గిన్నెని జాగ్రత్తగా కటకటాల గట్టు మీద పెట్టి, వెంట వచ్చాడు. దుకాణంలోంచి రోలర్లతోనే నేడీన్ పరుగెత్తింది. డోర్లా పారిపోయి వచ్చిందన్న మాట సైరన్ కన్నా వేగంగా వరండా నుంచి వరండాకి పాకి, వీధి పొడుగునా తలుపులు దబదబా పడ్డాయి. కుర్చీలు మాత్రం మిగిలాయి.

నేలమాళిగ మెట్ల దగ్గర నాకే జాలేసింది. “ఒక్కసారి చూడు వదినా, ఒక్క క్షణం,” అన్నాను.

“నేను నిలబడి చూశానంటే, భయం లేదనుకుని వీధంతా మళ్ళీ బయటికొస్తుంది. నడు,” అని అందరికన్నా ముందు తనే దిగింది. ఆఖర్న అన్నయ్య దిగి తలుపు మూశాడు.

చీకట్లో చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. నెత్తిన గూడ్సు బండి పోతున్నట్టు చప్పుడు. వదిన గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. భయానికి కాదని నాకు తెలుసు.

పైకొచ్చి చూస్తే దుకాణం కప్పు లేదు. సైరన్ స్తంభం విల్లులా వంగింది. ఆరబెట్టే టోపీ పక్క ఊరి పచ్చిక మైదానంలో దొరికింది, ఆవు ఒకటి దాన్ని నాకుతోందట. మనిషి ఒక్కరు కూడా పోలేదు. గట్టు మీద చిక్కుడు గింజల గిన్నె పెట్టినది పెట్టినట్టే ఉంది, గట్టు పక్క వరండా లేదు.

ఇప్పుడు శనివారం సైరన్ లేదు, బుధవారానికి మార్చారు. శనివారం భోజనాల దగ్గర ఇప్పుడు చెప్పేది అన్నయ్య. తలుపు మూస్తూ దాన్ని చూసినవాడు ఆయన ఒక్కడే కదా. “మళ్ళీ చెప్పు,” అంటుంది వదిన, చెంచా పక్కన పెట్టి. ఆయన చెప్తాడు. అది ఎర్రగా ఉందంటాడు, లోపల దుప్పట్లు కొంగల్లా ఎగిరాయంటాడు, రాకముందు ఒక్క క్షణం గాలి ఊపిరి బిగబట్టిందంటాడు. మొన్న మరీ ఊపొచ్చి, గడియారం ముల్లు తిరిగినట్టే తిరిగిందని గరిటె తిప్పి చూపించాడు. నేను నోరు తెరిచాను. బల్ల కింద వదిన నా కాలు తొక్కింది.

తర్వాత గిన్నెలు కడిగేచోట వదినని పట్టుకున్నాను. “ఆయన చూడనేలేదు వదినా. కళ్ళు మూసుకుని తలుపు లాగేసి ఉంటాడు.”

“నాకు తెలీదనుకున్నావా?” అంది. “ఆ దుప్పట్లు కొంగలన్నది నేను. గాలి ఊపిరి బిగబట్టడం నేను చెప్పిందే. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో చెప్పాను. ఉప్పడిగాడే గానీ ఒక్క ముక్క పోగొట్టుకోలేదు మీ అన్నయ్య.”

నీళ్ళు కట్టేసింది.

“ఎటు తిరుగుతుందో ఒక్కటే ఆయనకి చెప్పినట్టు లేను,” అని తడి చేతులు నా చొక్కాకే తుడుచుకుని, ఇంకాస్త రొట్టె కావాలేమో కనుక్కోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళింది.