బీరకాయపీచు బాబాయి

ఊళ్ళో సాఫ్ట్‌వేరు పని చేసే ప్రతి మనిషీ ఏదో ఒక వరసన తనకు కావలసినవాడేనని బాబాయి గట్టి నమ్మకం. సర్వర్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. చుట్టరికాలు కలపడం ఆయన వ్యసనం. అందుకే ఆఫీసంతా ఆయన్ని బీరకాయపీచు బాబాయి అనేది.

లిఫ్టులో ఎవరైనా దొరికితే చాలు. "ఎక్కడ పని చేస్తారండీ? అంతకుముందు? అక్కడ మీ టీమ్ లీడరెవరు?" నాలుగో అంతస్తు వచ్చేసరికి ఆ మనిషి బాబాయి పాత రూమ్మేటు భార్యకి మాజీ మేనేజరుగా తేలేవాడు.

ఒకసారి వెబ్‌సైటు పడిపోయి, క్లయింటు ఫోనులో నిప్పులు చెరుగుతున్నాడు. బాబాయి ఫోను లాక్కుని, "మీ దగ్గర ఆ పొట్టి డిజైనరు ఇంకా ఉన్నాడాండీ?" అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. పడిపోయిన సైటు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

అలాంటి బాబాయి, కొత్తగా చేరిన టెస్టరమ్మాయి దగ్గర బోల్తాపడ్డాడు.

"ఇంతకుముందు ఎక్కడమ్మా?"

"టైలరు షాపులో. బొత్తాలు కుట్టేదాన్ని."

"కాలేజీ?"

"వెళ్ళలేదండీ. ఫోన్లో చూసి నేర్చుకున్నా."

"పోనీ, ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు..."

"ఎవరూ లేరు."

చుట్టుపక్కల కీబోర్డులన్నీ ఆగిపోయాయి. అమ్మాయి తల దించుకుంది. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు; తానొక్కతే పరాయిది. పదిరోజులుగా ఒంటరిగానే భోంచేస్తోంది. మానేద్దామని రాజీనామా కూడా రాసిపెట్టుకుంది.

"ఒక్కరున్నారు," అంది మెల్లగా. "ఆన్‌లైన్‌లో నా సందేహాలన్నిటికీ 'గుడ్లగూబ' పేరుతో ఒకరు ఓపిగ్గా జవాబులిచ్చేవారు. ఈ ఊరేనట. అసలు పేరు తెలీదు."

"గుడ్లగూబా!" బాబాయి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "వాడు మా తోడల్లుడి ఫ్రెండే! మొన్ననే కలిశాం. నిన్ను తీసుకెళ్తాగా!"

అమ్మాయి మొహం విప్పారింది. రాజీనామా ఆ వారానికి ఆగింది.

మర్నాటినుంచి బాబాయి మొహం చాటెయ్యడం మొదలుపెట్టాడు. సోమవారం గుడ్లగూబకి జలుబన్నాడు. బుధవారం ఊళ్ళో లేడన్నాడు. శుక్రవారం పళ్ళ డాక్టరు దగ్గరున్నాడన్నాడు. "ఇంతకీ పళ్ళున్న గుడ్లగూబేనా బాబాయ్?" అని అందరూ ఏడిపించారు.

నాలుగో వారం ఆమెను ఓ కాఫీ షాపుకి తీసుకెళ్ళాడు. కిటికీ పక్క బల్ల దగ్గర జుట్టు నెరిసిన ఒకావిడ లేచి నిలబడింది.

"ఒకే ప్రశ్న పదకొండుసార్లు అడిగింది నువ్వేనా? నేనే గుడ్లగూబని!"

అమ్మాయి బిత్తరపోయి బాబాయి వైపు తిరిగింది. "తోడల్లుడి ఫ్రెండన్నారు? 'వాడు' అన్నారు?"

బాబాయి కాఫీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.

"నిన్నటిదాకా ఈయనెవరో నాకు తెలీదమ్మా," అంది ఆవిడ. "మూడు వారాలుగా కనబడ్డ ప్రతి ప్రోగ్రామర్నీ 'గుడ్లగూబ మీరేనా' అని అడిగారట. ఇద్దరు కొట్టబోయారట కూడా."

"అయితే నాకు అబద్ధం చెప్పారా?"

"అప్పుడు అబద్ధమే. ఇప్పుడు కాదుగా!"

"అసలు మీకు తోడల్లుడున్నాడా?"

"లేడు. మా ఆవిడ ఒక్కతే కూతురు."

అమ్మాయి పడీపడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ అంది: "ఆదివారం మా ఇంట్లో పదిమంది ప్రోగ్రామర్లం కలుస్తాం. వస్తావా?"

"తప్పకుండా వస్తానండీ. ఉద్యోగం మానేసి వెళ్ళిపోదామనుకున్నా. ఇక వెళ్ళను."

"పదిమందా?" బాబాయి అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎవరెవరండీ?"