తెరమీది గుర్రాలు, మామయ్య చెవులు

దయ్యాలు, పూనకాలు, జోస్యాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. నా ఉద్యోగమే అనుమానించడం. వాటర్లూలో ఒక చిన్న కంపెనీలో, కాసినోల్లో పెట్టే గుర్రప్పందేల మెషిన్లను టెస్ట్ చేస్తాను. తెరమీద పరుగెత్తేవి బొమ్మ గుర్రాలు. గేటు తెరుచుకునే క్షణంలోనే ప్రోగ్రాం ఒక నంబరు తీసి, ఏది గెలవాలో తేల్చేస్తుంది. మిగతా పరుగంతా చూసేవాళ్ల సరదాకే.

పోయిన చలికాలం మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, హైదరాబాద్ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. మలక్‌పేటలో రేసు గుర్రాలకు దాణా పెట్టి, మాలిష్ చేసి నలభై ఏళ్లు బతికిన మనిషి. షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. రోజంతా కుర్చీలో కూర్చుని, "నాకేమన్న పని జెప్పు బిడ్డా" అని అడిగేవారు. నేను రేడియో పెట్టి నా పనిలో పడేదాన్ని.

ఒకరోజు మంచు బాగా పడి, ఇంటి నుంచే పని చేస్తున్నాను. లాప్‌టాప్‌లో రేసు మొదలైంది. డెక్కల చప్పుడు విని ఆయన తల ఎత్తారు.

"మూడోది గెలుస్తది," అన్నారు.

మూడోదే గెలిచింది. తర్వాత ఆరోది అన్నారు. అదీ గెలిచింది. నవ్వుతూ కాగితం తీసుకుని పన్నెండు రేసులు రాశాను. పన్నెండూ సరిపోయాయి. అప్పటికి నా నవ్వు ఆగిపోయింది.

"ఎలా తెలుస్తోంది మామయ్యా?"

"అడుగు వడే తీరులనే తెలుస్తది. గెలిచే గుర్రం డెక్క భూమ్మీద ఆనీ ఆననట్టు వడ్తది."

వినడానికి బాగుంది. కానీ ఆ చప్పుడు ప్రతి రేసుకీ ఒకటే రికార్డింగు. ఏది గెలిచినా అదే ఫైలు మోగుతుంది. దాన్ని సరిచూసింది నేనే.

మర్నాడు మా టీం లీడ్ సుధీర్‌కి చెప్పాను. విశాఖపట్నం అబ్బాయి, నాకంటే చిన్నవాడు. ఫలితం ముందే తెలిసిపోతోందంటే మెషిన్‌లో ఎక్కడో లోపముంది, రిలీజ్ ఆపాలన్నాను.

"మీ మామగారు చెప్పారని ఆపితే క్లయింట్ నవ్వుతాడండీ," అన్నాడు. "మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. అదీ ఆలోచించుకోండి."

"అయితే ఆయన్నే తీసుకొస్తాను," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం మామయ్య మీసం దువ్వుకుని, కోటు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి నడిచారు. సుధీర్ అప్పుడే బిగించిన కొత్త మెషిన్ ఆన్ చేశాడు. ఆ రేసులు అంతకుముందు ఎవరూ చూసినవి కావు. గేటు తెరుచుకోగానే ఆయన వేళ్లు చూపించేవారు. ఐదు. రెండు. ఎనిమిది. మళ్లీ రెండు. నాలుగు రేసులయ్యేసరికి అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. పదో రేసుకి ఎవరో ఈల వేశారు. ఇరవయ్యోది కూడా ఆయన చెప్పిందే గెలిచేసరికి, టీమంతా అరుపులు, చప్పట్లు. మామయ్య నిటారుగా లేచి నిలబడి అందరికీ సలాం చేశారు.

సుధీర్ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "అంకుల్, మీరు కాసినోకి వెళ్తే ఇంక తిరుగుండదు!"

"గుర్రాన్ని సాదినోడు పందెం కాయడు నాయనా," అన్నారాయన.

రిలీజ్ ఆగింది. రెండు వారాలు కోడ్ తవ్వితే నిజంగానే లోపం దొరికింది. మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఒక్కోసారి పాత గెలుపులే అదే వరుసలో వస్తున్నాయి. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ సాయంత్రం మామయ్య ఎవరి మాటా వినకుండా రెండు గిన్నెల పాయసం తిన్నారు.

కానీ ఆ లోపంతో ఆయన సంగతి తేలదు. కొత్త మెషిన్‌కి పాత వరుసంటూ లేదు. వేర్వేరు రేసుల చప్పుళ్లను రికార్డు చేసి పక్కపక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఒకసారి స్పీకర్ ఆపేసి రేసు నడిపాను. ఆయన కాసేపు చెవి ఒగ్గి, "గుర్రాలు లేవు గదా బిడ్డా," అన్నారు.

అంటే ఆయనకు తెలిసేది ఆ చప్పుడులోనే. అందులో ఏమీ లేదని నేను నిరూపించగలను. ఆయన ఏం విన్నారో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.