మా అక్క బూత్‌కి ర్యాంపు

అనంతపురంలో వీధికో ఎస్.టి.డి. బూత్ ఉన్న కాలం అది. వికలాంగుల కోటాలో మా అక్కకు ఒకటి వచ్చింది. పసితనంలో వచ్చిన పోలియోతో అక్కకు రెండు కాళ్ళూ పడిపోయాయి. ముప్పయ్యేళ్ళు దాటేదాకా ఇంట్లో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టిన మనిషి, బూత్ వచ్చిన వారానికే గొంతు మార్చేసింది. "హలో" అనడంలోనే ఒక దర్జా. బళ్ళారి కోడ్ ఎంత, బెంగుళూరు కోడ్ ఎంత అని ఎవరడిగినా పుస్తకం చూడకుండా చెప్పేది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా మా ఇంట్లో అంత సంబరం జరగలేదు. కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

గదితోనే వచ్చింది చిక్కు. రోడ్డుకూ గదికీ మధ్య మురిక్కాలువ, దాని మీద అరిగిపోయిన బండ, ఆ తర్వాత మూడు మెట్లు. మా ఊళ్ళో అంగళ్ళన్నీ ఇంతే. వాన మొహం చూడని ఊళ్ళో రేపే వరద వస్తుందన్నట్టు ఎత్తు పెట్టి కడతారు. పొద్దున ఆఫీసుకు పోయే ముందు నేను చక్రాల కుర్చీ తోసుకుంటూ అక్కను తీసుకెళ్ళేదాన్ని. గది ఓనరుది పక్కనే ఎరువుల అంగడి. ఆయన దిగివచ్చి, అక్కను ఎత్తుకెళ్ళి లోపల కూర్చోబెట్టేవాడు. సాయంత్రం మళ్ళీ ఎత్తి దింపేవాడు. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి. "నా చెల్లెలు మాదిరి, దీంట్లో ఏముండాదమ్మా" అనేవాడు. ఇంత మంచివాడు దొరికాడని మా అమ్మ ఆయన ఇంటికి అలసంద వడలు చేసి పంపేది.

ఒక పొద్దున దారిలో అక్క ఉన్నట్టుండి, "ఆ మెట్లకు ఏదన్నా పలకో రేకో వేపియ్యే. నేను కుర్చీలోనే పోతా లోపలికి" అంది.

"ఇప్పుడేమైంది? ఆ అన్న ఎత్తుతాండాడు కదా."

"ఎత్తేటప్పుడు ఆయప్ప చేతులు యాడయాడికి పోతాయో నీకేం తెలుసు?"

నేను కుర్చీ తోయడం ఆపేశాను. వెనక వచ్చే ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎప్పటినుంచి అని అడిగితే, మొదటి రోజు నుంచీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడే పోయి వాడి చొక్కా పట్టుకుంటానన్నాను.

"పట్టుకో. గది ఖాళీ చెయ్యమంటాడు. బస్సులు నిలిచే కాడ ఇంకో గది నువ్విప్పిస్తావా? రేకు వేపియ్యమంటే రేకు వేపియ్యి. అమ్మకు మాత్రం చెప్పొద్దు, నీకు దండం పెడతా."

అమ్మ బాధ పడుతుందని అలా అంటోందనుకున్నాను. ఆ రోజు అక్కను నేనే వీపున వేసుకుని మెట్లెక్కాను. మర్నాడూ ఎక్కాను. మూడోనాటికి నా నడుం పట్టేసింది. "ఎందుకమ్మా అంత కష్టం, నేనుండా కదా" అంటూ ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ నవ్వు ముఖాన ఏదైనా విసిరికొట్టాలని ఉండింది నాకు. ఏమీ చేయలేదు. మళ్ళీ ఆయనే ఎత్తాడు.

సిమెంటుతో వాలు కట్టిస్తే ఒక్కరోజు పని. దానికి ఓనరు ఒప్పుకోలేదు, మురిక్కాలువ మూయకూడదని మునిసిపాలిటీ వాళ్ళూ అడ్డం చెప్పారు. అంటే పొద్దున వేసి సాయంత్రం తీసేసేది కావాలి. మొదట ఒక చెక్క పలక తెచ్చి మా ఇంటి అరుగుకు ఆనించాం. అక్కను కూర్చోబెట్టే ముందు నేనే కుర్చీలో కూర్చుని, వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చే మా ఆయనను తోయమన్నాను. పలక మధ్యలో కిందికి వంగింది, కుర్చీ వెనక్కి వాలింది, నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. నేను కెవ్వుమని అరిస్తే అక్క పడీపడీ నవ్వింది. కుర్చీలో కూర్చుంటే గానీ వాలు అంటే ఏమిటో తెలియదు.

బెంగుళూరులో ఆసుపత్రి సామాన్లు అమ్మే చోట అల్యూమినియం ర్యాంపు ఒకటి చూశాను. పెట్టెలాగా మడుచుకుంటుంది, ఒంటి చేత్తో ఎత్తవచ్చు. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. కానీ అది కారెక్కడానికో, ఒక్క మెట్టుకో చేసింది. మూడు మెట్లకు వేస్తే గోడకు నిచ్చెన వేసినట్టే. ఉత్త చేతులతో బస్సెక్కాను. ఏడుపొచ్చింది.

చివరికి మా ఊరి వెల్డింగ్ అంగడే దిక్కయింది. "లారీ ఎక్కిచ్చుకోమ్మా దీని మీద, ఏం కాదు" అన్నాడు వెల్డింగ్ ఆయన. లారీ కాదయ్యా, మనిషి అన్నాను. రెండు చక్రాలకు రెండు పట్టాలు వేస్తే తేలిక అన్నాడాయన. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, మొరాయిస్తాయి, పైగా తోసే మనిషి కాలువలో నడవాలా అని అక్క అడిగింది. అందుకని ఒకటే రేకు. నున్నటిది కాదు, గరుకుది. చక్రం పక్కకు జారకుండా రెండువైపులా అంచు. మధ్యలో బందులు, మడిచి గోడకు ఆనించడానికి. ఇక పొడవు దగ్గర పెద్ద తగువు. పొడవు పెంచితే వాలు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. అక్క తనంతట తాను ఎక్కాలంటే నలుగురు మగవాళ్ళు మోసేంత రేకు కావాలి. నేనూ అమ్మా ఎత్తగలిగినంతే చేయమన్నాను. మూడో మనిషి అవసరం పడితే ఆ మూడో మనిషి ఎవరో మాకు తెలుసు. వాలు ఎక్కువైనా సరే, వెనక నుంచి నువ్వు తోస్తే చాలు అంది అక్క.

ఆయుధపూజ రోజు పొద్దున ర్యాంపు తయారైంది. మా వైపు ఆ రోజు లారీల నుంచి కుట్టుమిషన్ దాకా ప్రతి ఇనుప వస్తువుకూ పూజ చేస్తారు. వీధంతా బంతిపూలు, పగిలిన గుమ్మడికాయలు. అమ్మ మాకంటే ముందే ఆటోలో ర్యాంపుతో పోయి, ఆటోవాడి సాయంతో మెట్లకు వేయించి, తలంటు పోసినంత ప్రేమగా దానికి పూజ చేసింది. ఇనుముకు నూనె రాసింది. దాని మీద పసుపు మెత్తింది. కుంకుమ పెట్టి, పైన గుమ్మడికాయ కొట్టి, చక్రాలు తొక్కడానికి నిమ్మకాయలు పెట్టింది. మేం వెళ్ళేసరికి రేకు పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. గరుకు ఎక్కడా కనపడలేదు. దాన్ని చూసి నేనూ దండం పెట్టాను. అదేమిటో, ఒక్కరికీ అనుమానం రాలేదు.

సగం దూరం బాగానే ఎక్కాం. తర్వాత చక్రాలు తిరుగుతున్నాయి గానీ కుర్చీ ముందుకు పోలేదు. నా చెప్పు జారి మోకాళ్ళ మీద పడ్డాను. కుర్చీ వెనక్కి జారి, అడ్డం తిరిగి, ఒక చక్రం అంచు మీదికెక్కి కాలువవైపు ఒరిగింది. అక్క రెండు చేతులతో రేకు అంచు పట్టుకుంది. అందరూ అయ్యో అంటుండగా ఓనరు పరుగున వచ్చి, వంగి, అక్క చంకల కింద చేతులు పెట్టాడు.

"ముట్టుకోవద్దు!"

అక్క అరుపుకు వీధి ఆగిపోయింది.

"తీయి నీ చేతులు. ఇన్ని దినాలు నువ్వు పెట్టినకాడ పెట్టింది చాలు."

వినాల్సిందంతా అందరూ విన్నారు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "మంచికి పోతే ఇట్లంటారు చూడప్పా" అని చుట్టూ చూశాడు. ఎవరూ ఆయనకు వత్తాసు పలకలేదు. మాకూ పలకలేదు. మా అమ్మ చేతిలో సగం కొబ్బరిచిప్ప అలాగే ఉండిపోయింది.

నేను లేచి కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. అమ్మ వచ్చి ఇంకో పక్క పట్టుకుంది. ఇద్దరం కలిసి కిందికి దింపాం. అమ్మ, రోజు మార్చి రోజు వచ్చే కుళాయి నీళ్ళు, తాగడానికని తెచ్చిన బిందెడు, రేకు మీద గుమ్మరించింది. పండగ పూట తను రాసిన నూనెనూ మెత్తిన పసుపునూ తన కొంగుతోనే రుద్ది రుద్ది తుడిచింది. నాకు చూడబుద్ధి కాలేదు. తర్వాత చెరో పక్కా పట్టి తోశాం. ఈసారి కుర్చీ ఎక్కింది. అక్క ఆ రోజు సాయంత్రం దాకా బూత్‌లో కూర్చుంది. వచ్చినవాళ్ళు ఫోన్ చేసి, ఆమె ముఖం చూడకుండా చిల్లర పెట్టి పోయారు.

గది ఖాళీ చేయమని చీకటి పడకముందే కబురొచ్చింది. ర్యాంపు మడిచి ఆటోలో ఇంటికి తెచ్చాం. అమ్మ చేతులకు ఇంకా పసుపు అలాగే ఉంది.

"నీకు తెలుసునా?" అని నన్నడిగింది. తెలుసన్నాను. నా వైపు మళ్ళీ చూడలేదు. అక్క కుర్చీ ముందు నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఆమె మోకాళ్ళ మీద పెట్టి ఏడ్చింది.

"నాకెందుకు చెప్పల్యా తల్లీ? కన్నదాన్ని కదా, నాకు చెప్పకూడదా? వానికి వడలు చేసి పంపిస్తి కదే."

అక్క ఏడవలేదు. అమ్మ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"చెప్పింటే నన్ను మళ్ళా బయటికి పంపిస్తా ఉంటివా మా?"

అమ్మ నోరు తెరిచింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.