వరసగా ‘ఎన్’ నొక్కిన రోజు

నా చిన్నప్పుడు వేసవి సెలవులు వచ్చాయంటే నన్ను ఏలూరులో మా పిన్ని దగ్గర దింపేసేవారు. మాది ముదినేపల్లి దగ్గర వరి పండించుకునే కుటుంబం. పిన్ని ఏలూరులో ఒక చిన్న ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్లు చెప్పేది. చెప్పేది అన్నానే గానీ, ఆ గది తాళం తీసేదీ ఆమే, దుమ్ము తుడిచేదీ ఆమే, చెడిపోయినవి బాగుచేసేదీ ఆమే. ఎప్పుడూ అలిసిపోయి ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో పిన్ని మొహమే అంత అనుకునేదాన్ని.

ఆ ఏడు నాకు పదకొండేళ్లు. కాలేజీలో ఉన్న పది కంప్యూటర్లూ ఎవరో వాడి వదిలేసినవే. సోమవారం పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. ఆ ముసలి యంత్రాల్లో, వాటిని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే లేవడానికే ఆయాసపడేవి. దోషం అందులోని కెర్నెల్ అనే ముఖ్యభాగానిది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందుగా లేచి డిస్కునీ కీబోర్డునీ తెరనీ తన చేతిలోకి తీసుకునేది అదే. సీడీలో వచ్చిన కెర్నెల్ లోకంలో ఉన్న పరికరాలన్నిటికీ సిద్ధపడి వస్తుంది. మన దగ్గర లేనివన్నీ తీసేసి చిన్నది తయారు చేసుకుంటే ఇవీ నడుస్తాయని పిన్ని ధైర్యం. నడవకపోతే ఆ పిల్లలకు పరీక్ష లేదు, పిన్నికి వచ్చే ఏడు ఉద్యోగం లేదు. కాలేజీ కరస్పాండెంటు గారు ఆ సంగతి నా ముందే చాలా మర్యాదగా చెప్పారు. “ఏవండీ మేడమ్ గారూ, ఈసారి కూడా అవ్వకపోతే మేం ఇంకెవరినైనా చూసుకోవాలండీ” అన్నారు. పిన్ని “అయిపోతాయండీ” అంది.

శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్లి కూర్చున్నాం. కెర్నెల్ తయారుచేసే ముందు అది మనల్ని ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా కార్డు కావాలా, ఫలానా పద్ధతి కావాలా అని ఒక్కొక్కటే, వందల కొద్దీ. కావాలంటే ‘వై’, వద్దంటే ‘ఎన్’. ఒకసారి చెప్పాక వెనక్కి వెళ్లడానికి లేదు. అర్థం కాకపోతే ప్రశ్న గుర్తు కొట్టాలి. అప్పుడు నాలుగు ముక్కల వివరణ వచ్చి, చివర్న చాలాసార్లు ‘తెలియకపోతే ఇలా చెప్పండి’ అని కూడా ఉండేది. ఆ లైను నాకు తెగ నచ్చింది. మా బళ్లో ఏ పుస్తకంలోనూ తెలియనివాళ్ల కోసం జవాబు రాసి ఉండేది కాదు.

కాసేపటికి పిన్నికి ఆఫీసు గది నుంచి పిలుపొచ్చింది. హాల్ టికెట్ల పని. ఆమె ఒక కాగితానికి రెండు వైపులా పేర్లు రాసి నాకిచ్చింది. వీటికి వై కొట్టు, మిగతావాటికి ప్రశ్న గుర్తు కొట్టి అది చెప్పమన్నట్టు చెయ్యి, ఎక్కడైనా ఆగిపోతే వచ్చి నన్ను పిలువు అని చెప్పి వెళ్లింది. నా గర్వం చూడాలి! కుర్చీలో కాళ్లు నేలకు అందకపోయినా ఆ గదికి నేనే అధికారిని.

మొదట్లో బుద్ధిగానే చేశాను. వేలు పెట్టి అక్షరాలు పోల్చుకుని, కాగితంలో వెతికి, ప్రశ్న గుర్తు కొట్టి. కానీ అవి అయ్యేవి కావు. వంద దాటాక కళ్లు మండాయి, మెడ లాగేసింది, కిటికీలోంచి వడగాలి కొట్టింది. పిన్నిని పిలవొచ్చు. పిలిస్తే చేతకాదనుకుంటుందేమోనని రోషం. అందుకని ఎన్ కొట్టాను. కంప్యూటర్ ఏమీ అనలేదు. ఇంకో ఎన్ కొట్టాను. ఆ తర్వాత చదవడం మానేసి ఎన్, ఎన్, ఎన్ అంటూ చివరిదాకా పోయాను. కాగితం రెండో వైపు తిప్పనే లేదు.

పిన్ని వచ్చి, “అన్నీ చదివావా అమ్మడూ?” అని అడిగింది. “చదివాను పిన్నీ” అన్నాను.

కెర్నెల్ తయారవడానికి మూడు గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోకుండా పిన్ని మొక్కుకుంటూనే ఉంది. తీరా మధ్యాహ్నం కొత్త కెర్నెల్‌తో కంప్యూటర్ ఆన్ చేస్తే, తెరమీద కొంత దూరం అక్షరాలు పరిగెత్తి టక్కున ఆగిపోయాయి. డిస్కు చదవడం దానికి తెలియడం లేదు. ఆ కంప్యూటర్ ఇక లేవదనుకున్నాను.

పిన్ని దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఈసారి పాత కెర్నెల్ పేరు కొట్టింది. అది మామూలుగానే ఆయాసపడుతూ లేచింది. పాతదాన్ని ఆమె తీసెయ్యలేదు. పిన్ని వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, పల్లపు చేలో నారు పోసినా, కొల్లేరు పొంగితే మునిగిపోతుందని మెరకలో ఇంకో మడి పోసి ఉంచేవాడు. ఆ మడి ఎందుకో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

తర్వాత నేను చెప్పిన జవాబులన్నీ ఉన్న ఫైలు తెరిచింది. అన్నీ అందులో వరసగా దాగి ఉంటాయని నాకేం తెలుసు! పిన్ని మెల్లగా కిందికి చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. అక్కడి నుంచి అన్నిటికీ వద్దనే ఉంది. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె ఆ లైను మీద వేలు పెట్టి, “ఇక్కడి నుంచి అలిసిపోయావా తల్లీ?” అంది.

కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. అబద్ధం చెప్పినందుకు ఒక్క మాట అనలేదు. “అలిసిపోయానని చెప్పొచ్చు కదే. ఎవరేమంటారు?” అని తన కొంగుతో నా మొహం తుడిచింది. అంతలో కరస్పాండెంటు గారు గుమ్మంలోకి వచ్చి ఏమైందండీ అని అడిగారు. “నేనే ఒకటి పొరపాటు చేశానండీ, సాయంత్రానికి సరిచేసేస్తాను” అంది పిన్ని. మళ్లీ మొదటి నుంచీ కూర్చుంది. ఈసారి నేను పక్కన కాగితం పట్టుకుని, రెండో వైపు కూడా తిప్పి, పేర్లు చదివి వినిపించాను. చీకటి పడే ముందు ఆ కంప్యూటర్ లేచింది. ఆదివారమంతా మిగతా తొమ్మిదింటికీ వేశాం. సోమవారం పిల్లలు పరీక్ష రాశారు.

ఇప్పుడు నాదీ కెర్నెల్ తయారుచేసే పనే. కెర్నెల్ ప్రశ్నలు వేలల్లోకి వెళ్లాయి, నా కళ్లకు అద్దాలు వచ్చాయి, చాలా రోజులు సాయంత్రమయ్యేసరికి మనిషిని మిగలను. అయినా నా కింద పనిచేసే పిల్లలతో, నేను అలిసిపోయాను, ఇక్కడి నుంచి మీరొకసారి చూడండి అని చెప్పగలను. వాళ్ల పొరపాటు దొరికినా ముందు ఎందుకు చేశావని అడగను. ఎక్కడి నుంచి అలిసిపోయావని అడుగుతాను.

పిన్ని మాత్రం అలిసిపోయానన్న మాట ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఉద్యోగం మానేసి ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటోంది. ఎప్పుడు ఫోను చేసినా బానే ఉన్నానే అంటుంది. మొన్న కూడా అదే అంది. ఎందుకో ఊరుకోలేక, “ఎక్కడి నుంచి అలిసిపోయావు పిన్నీ?” అని అడిగాను.

పిన్ని “ఆ కాలేజీ రోజుల నుంచేనే” అంది. ఇంక ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కటి కూడా దాటెయ్యకుండా చివరిదాకా విన్నాను.